గ్రాంటు వస్తున్నా మా వీధి కాలువ ఎందుకు కట్టరు?

ప్రణాళికా సంఘమే లేనప్పుడు ఊరికి ప్రణాళిక ఎవరు వేస్తున్నారు, పంచాయతీలో డబ్బుండి కూడా మా వీధి మురుగు కాలువ ఎందుకు కట్టరు అని అడిగారు కదా.

పంచవర్ష ప్రణాళికల్లో చివరిదైన 12వది 2017 మార్చితో ముగిసింది. ఇప్పుడు కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే ముఖ్యమైన డబ్బు ఆర్థిక సంఘం (కేంద్ర నిధుల వాటాలు సిఫారసు చేసే సంఘం) గ్రాంటు. ఏడాదికోసారి గ్రామసభ ఆమోదించే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉన్న పనికే దాన్ని వాడాలి. ఆ పని పంచాయతీల ప్రణాళికలు, బిల్లులు నమోదయ్యే ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో ఎక్కకపోతే సర్పంచ్ తలచుకున్నా బిల్లు కదలదు.

తర్వాత చూడాల్సింది పద్దు. 15వ ఆర్థిక సంఘం (2021–26) లెక్కలో గ్రాంటు 10 లక్షలనుకుంటే తాగునీటికి 3, పారిశుధ్యానికి 3 లక్షలు కట్టుబడి ఉంటాయి. మిగతా 4 లక్షలు ఏ పనికీ ముడిపెట్టనివి, అంటే అన్‌టైడ్. జీతాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడొచ్చు. మురుగునీటి పని పారిశుధ్యంలోకి వస్తుంది, సీసీ రోడ్డు రాదు. రెండూ కలిపి ఒకే పనిగా రాస్తే భారమంతా ఆ 4 లక్షల మీదే పడుతుంది, పారిశుధ్యం డబ్బు ఖాతాలో మూలుగుతుంది. అందుకే విడివిడిగా రాయించండి. 2026–31 కాలం 16వ ఆర్థిక సంఘానిది కాబట్టి, వాటాలు కొత్త ఉత్తర్వులో చూసుకోండి.

వచ్చే ఏడాది ప్రణాళిక కోసం గ్రామసభలు మామూలుగా అక్టోబరు 2న మొదలవుతాయి. అక్కడ "కాలువ కావాలి" అని చేయెత్తి వచ్చేస్తే తీర్మానంలో "గ్రామంలో మురుగు కాలువలు" అని రాసి ఊరుకుంటారు. ఆ పేరుతో కాలువ ఏ వీధిలోనైనా కట్టొచ్చు! ఎవరి ఇంటి దగ్గర మొదలై ఎక్కడి దాకా, ఎన్ని మీటర్లు, నీళ్లు చివరికి ఎందులో కలుస్తాయి అన్నది మినిట్స్‌లో పడాలి. సభకు ముందే మేస్త్రీతో వాటర్ లెవెల్ పైపు పట్టించి వాలు చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. చివర పెద్ద కాలువో ఇంకుడు గుంతో లేకుండా కడితే మీ గుమ్మం ముందున్న మురుగు చివరింటి వాళ్ల గుమ్మం ముందు చేరుతుంది, వాళ్లు పని ఆపేస్తారు. ఆపడం న్యాయమే కూడా.

ప్రణాళిక అప్‌లోడయ్యాక పోర్టల్‌లో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని మీ పని ఏ పద్దు కింద ఉందో చూసుకోండి, లాగిన్ అక్కర్లేదు. లేకపోతే గ్రామసభ తీర్మానంతో అనుబంధ ప్రణాళికలో చేర్చమని కార్యదర్శికి రాసివ్వండి. పాలకవర్గం గడువు ఎప్పటి వరకో కూడా చూడండి. 15వ సంఘం నియమాల్లో ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి గ్రాంటు లేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారుల పాలన మొదలయ్యాక ఊళ్లకు ఎదురైన ఇబ్బంది అదే.