ఎంఏ హిస్టరీ ఎక్కడ చదవాలో అడిగావు కదా

హన్మకొండ

బిడ్డా,

ఎంఏ ఎక్కడ చదవాలో తేలక టెన్షన్ పడుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ఇక్కడి కాకతీయ యూనివర్సిటీలో చేరితే ఊళ్లోనే ఉండిపోయావంటారని ఒక దిగులు, ఢిల్లీ పోతే ఎట్లా అని ఇంకో దిగులు. నువ్వు యూనివర్సిటీ పేర్ల దగ్గర మొదలుపెట్టావు, అందుకే తేలడం లేదు. నీకు ఏ కాలం మీద మనసుందో, ఆ కాలం రాతలు ఏ భాషలో ఉన్నాయో ముందు చూసుకో.

నేను ఆ పని చేయలేదు. నిజాం కాలం భూమిశిస్తు మీద పరిశోధన చేద్దామని తార్నాకలోని ఆర్కైవ్స్‌కు పోయాను. అటెండర్ ఒక కట్ట తెచ్చి ముందు పెట్టాడు. పచ్చబడ్డ కాగితం, అంచుల్లో మొహర్లు, షికస్తా అనే గొలుసుకట్టు రాత. ఒక్క ముక్క చదవలేకపోయాను. 1880ల దాకా నిజాం కచేరీలు ఫార్సీలో, ఆ తర్వాత ఉర్దూలో నడిచాయని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. నాలుగు రోజులు కూర్చుని తిరిగొచ్చాను. చివరికి వేరేవాళ్లు చదివి రాసిన పుస్తకాల మీదే నా థీసిస్ నిలబడింది. ఆ బాధ నీకు వద్దు.

కాకతీయుల మీద ఇష్టముంటే ఇక్కడే చేరు, అందులో చిన్నతనం లేదు. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం మనింటికి ఆటో దూరం. రామప్ప శాసనం 1213ది, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగిరావచ్చు. అనుమానం వచ్చినప్పుడల్లా పోయి రాయినే చూసుకునే వీలు ఢిల్లీలో చదివేవాళ్లకు ఉండదు. అయితే రుద్రదేవుడి శాసనంలో చాలా భాగం సంస్కృతం, లిపి పాత తెలుగు-కన్నడది. ఆ రెండూ పట్టుబడాలి.

నిజాం కాలమైతే ఉస్మానియా మేలు, ఆర్కైవ్స్ పక్కనే. ఉర్దూ మాత్రం ఈ వేసవిలోనే మొదలుపెట్టు. కాకతీయ, ఉస్మానియా రెండింటికీ ప్రవేశ పరీక్ష ఒక్కటే, సీపీగెట్.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ, ఢిల్లీలోని జేఎన్‌యూకీ సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. అది ఈమధ్య ఏళ్లలో మార్చిలోనే అయిపోతోంది, సీపీగెట్ వచ్చేదాకా ఆగితే చేజారుతుంది. అక్కడ చదువంతా ఇంగ్లీషులో. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన నీకు మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది, కానీ ఆ భయంతో మానుకోకు.

ఎక్కడికి పోయినా అక్కడి సీనియర్లను ఒక మాట అడుగు: పోయిన ఏడాది నువ్వు రాసిన పేపర్‌ను ఎవరైనా చదివి, దిద్ది, తిరిగిచ్చారా? ఇచ్చారంటే ఆ డిపార్ట్‌మెంట్ మంచిదే. హాస్టల్, ఫీజుల సంగతి మీ బాపు, నేను చూసుకుంటాం.

ఇంకొకటి. తెలంగాణ సాయుధ పోరాటం మీద కూడా చదవాలని ఉందన్నావట. 1946 జులై 4న కడవెండిలో ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమురయ్యను కాల్చి చంపిన నాటికి మీ అమ్మమ్మకు పదేళ్లు, జనగామ వైపే ఉంది. గడీలో వెట్టి గురించి ఆమె చెప్పేవి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అడ్మిషన్ దాకా ఆగకు. ఈ వారమే పోయి, ఆమె పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. మధ్యలో అడ్డం రాకు, చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే రాసుకో.

వచ్చే ఆదివారం ఆ కాగితాలు తీసుకుని రా. చదివాక గుడికి పోయి శాసనం మొదటి వరుస చూద్దాం.

మీ పెద్దబాపు