పాత సిగరెట్ పజిల్ కార్డుల్ని ఆల్బమ్‌లో అతికించవచ్చా?

తాతగారి ట్రంకుపెట్టెలో గాలహర్ అనే బ్రిటన్ కంపెనీ సిగరెట్ పెట్టెల్లో వేసి ఇచ్చిన పజిల్ కార్డులు ఓ పాతిక దొరికాయి, అతికించాలా, లామినేషన్ చేయించాలా అని అడిగారు. రెండూ వద్దండి. ఫెవికాల్ డబ్బా వాటి దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి.

మీరు చెప్పినదాన్ని బట్టి అవి ‘ట్రిక్స్ అండ్ పజిల్స్’ సెట్లోవి. మొత్తం వంద కార్డులు. 1913లో ఒకసారి, 1933లో మరోసారి వేశారు. వెనకవైపు అచ్చు ఆకుపచ్చగా ఉంటే మొదటివి, నల్లగా ఉంటే రెండోవి. బొమ్మవైపు పొడుపు, వెనకవైపు విడుపు. అతికించారంటే విడుపు పోయినట్టే.

మహారాణిపేటలో ఉంటూ 14 ఏళ్లుగా ఇవే పోగుచేస్తున్నాను. మన విశాఖ ఉప్పుగాలికి కాగితం ఎంత లోకువో నష్టపోయాకే నాకు తెలిసింది. 1930లలో కొన్ని కంపెనీలు తడిపి ఆల్బమ్‌లో అంటించుకోమని కార్డుల వెనక బంక పూసి ఇచ్చేవి. అలాంటివి ఓ కట్ట రబ్బరు బ్యాండు వేసి అలమరలో పెట్టాను. శ్రావణమాసం ముసురు వెళ్లాక చూస్తే కట్టంతా ఒకే అట్ట ముక్క! మెల్లగా విడదీయబోతే ఒకదాని బొమ్మ ఊడి ఇంకోదాని వీపుకి అంటుకుపోయింది. ఆ జత ఇప్పటికీ దాచే ఉంచాను, పారేయడానికి మనసొప్పలేదు.

కాబట్టి ఒక్కో కార్డూ విడిగా పాలీప్రొపిలీన్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. రెండు వైపులా కనిపిస్తుంది. పీవీసీ కవర్లు చవకే గానీ కొన్నాళ్లకు జిగురు కక్కుతాయి. స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, సముద్రం వైపు గోడకు దూరంగా ఉంచండి. వానాకాలంలో పొట్లాలు మారుస్తూ ఉండండి. మరకలు పడ్డా తుడవకండి, అంచులు కత్తిరించకండి. కొనేవాళ్లు ముందు చూసేది మూలలే.

ధర సంగతికొస్తే, విడి కార్డులకు పెద్దగా రాదు. నిండు సెట్టుకే గిరాకీ. కానీ నాకు డబ్బుకన్నా ముక్కలు కూర్చడమే ఇష్టం. విల్స్ వాళ్లు 1930ల మొదట్లో ప్రసిద్ధ చిత్రాల్ని 48 ముక్కలు చేసి సిగరెట్ పెట్టెకో ముక్క వేశారు. అందులో డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ 1624లో గీసిన ‘లాఫింగ్ కావలియర్’ నా దగ్గర 31 ముక్కల దాకా వచ్చింది. ఒక కార్డులో ఉన్నదల్లా చొక్కా చేతి లేసు అంచు, పక్కన కాస్త నల్లగుడ్డ. విడిగా చూస్తే ఏమీ లేదు. పక్క ముక్క దొరికిన రోజు మాత్రం ఆ లేసు ఒక చేతికి తగులుకుంది, నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

1940లో యుద్ధం వల్ల కాగితం కరువై బ్రిటన్‌లో ఈ కార్డులు ఆగిపోయాయి. మీ పాతిక అన్నేళ్లు ట్రంకుపెట్టెలో నిలిచాయంటే తాతగారు జాగ్రత్తపరులే. ముందు కార్డుల నంబర్లు, వెనక అచ్చు రంగు ఇక్కడ రాయండి. నా దగ్గర రెండేసి ఉన్నవాటిలో మీకు లేనివి ఉంటే ఇస్తాను.