లోకపు పోకడల వెంట వెళితే క్రైస్తవ సంఘపు సందేశం ఎలా బలహీనపడుతుంది?

సంఘం ఏమి బోధించాలో కాలపు పోకడే నిర్ణయించే స్థితి వచ్చినప్పుడు, ఆ పోకడకు ఇబ్బంది కలిగించే బోధ మెల్లగా ప్రసంగాల నుండి తప్పుకొని, సువార్త బలహీనపడుతుంది. క్రీస్తు మన పాపాల నిమిత్తం మరణించి, సమాధి చేయబడి, మూడవ దినమున లేచాడన్నదే క్రైస్తవ సందేశానికి కేంద్రం; అందులోని పాపం, పశ్చాత్తాపం, సిలువ అనే మాటలు ఏ కాలంలోనూ అందరికీ ఇంపుగా వినిపించలేదు. జనాదరణే కొలమానమైతే ముందుగా మరుగున పడేవి ఇవే. వాటిని ఎవరూ ఖండించరు, ప్రస్తావించడం మానేస్తారంతే. ఖండన కంటే ఈ మౌనాన్ని పసిగట్టడమే కష్టం.

1930లలో జర్మనీలో ‘జర్మన్ క్రైస్తవులు’ అనే ప్రొటెస్టెంట్ ఉద్యమం నాటి నాజీ జాతీయవాద ఉప్పెనలో కలిసిపోయి, యూదు మూలాలున్న పాస్టర్లను తొలగించాలని కోరింది. 1933 నవంబరులో బెర్లిన్ సభలో ఆ ఉద్యమ నాయకుడొకరు బైబిల్లో యూదుల లేఖనాల భాగమైన పాత నిబంధననే విడిచిపెట్టాలన్నాడు. ఈ ధోరణిని ఎదిరించినవారు 1934 మే నెలలో జర్మనీలోని బార్మెన్‌లో సమావేశమై, బార్మెన్ ప్రకటన వెలువరించి, లేఖనాలు సాక్ష్యమిచ్చే యేసుక్రీస్తే సంఘం వినవలసిన ఏకైక దేవుని వాక్యమని స్పష్టం చేశారు.

కొత్త వాయిద్యాలు, తెరలు, ప్రత్యక్ష ప్రసారాలు, వాడుక భాష రావడమే లోకంతో రాజీ అని చాలామంది పొరబడతారు. ఇవి సందేశాన్ని చేరవేసే పద్ధతులే తప్ప సందేశం కావు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలనే ఉపయోగించుకున్నాడు. పునరుత్థానాన్ని మాత్రం దాటవేయలేదు, అది విని కొందరు అపహాస్యం చేశారు కూడా.