కల వచ్చిందా, దర్శనం కలిగిందా?

సందేహం: మా చర్చి సంఘ పత్రికకు వచ్చే సాక్ష్యాలను, అంటే విశ్వాసులు తమ అనుభవాలు చెప్పుకునే రచనలను, నేను దిద్దుతుంటాను. ‘దేవుడు నాకు కలలో దర్శనమిచ్చాడు’ అని ఒకరు, ‘స్వప్నంలో ప్రత్యక్షమయ్యాడు’ అని మరొకరు, ‘కల చూశాను, దాని ఫలం దేవుడే చెప్పాడు’ అని ఇంకొకరు రాస్తున్నారు. కల, స్వప్నం, దర్శనం మూడూ ఒకటేనా? వీటిలో ఏది దిద్దాలి, ఏది వదిలేయాలి?

సమాధానం: కల, స్వప్నం ఒకటే. దర్శనం వేరు.

కల మన సొంత మాట. తమిళుల కనవు, కన్నడిగుల కనసు దీనికి తోబుట్టువులు. స్వప్నం సంస్కృతం. ‘స్వప్’ ధాతువుకు నిద్రపోవడం అని అర్థం, సుప్తం, సుషుప్తి కూడా అందులోంచే వచ్చాయి. అంటే నిద్ర లేనిదే స్వప్నం లేదు. దర్శనానికి మూలమైన ‘దృశ్’ చూపుకు సంబంధించినది, దానికి నిద్రతో పనిలేదు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో కొర్నేలీకి దూత కనబడింది పగలు మూడు గంటలవేళ. పేతురు మిద్దె మీద ప్రార్థిస్తూ పరవశుడయ్యాడు. రెండింటినీ మన బైబిలు దర్శనమనే అంటుంది. 16వ అధ్యాయంలో మాసిదోనియవాడు పౌలుకు కనబడింది రాత్రివేళే అయినా అక్కడా ‘దర్శనము కలిగెను’ అనే ఉంది. రాత్రి అన్నంత మాత్రాన మనం దాన్ని కలగా మార్చకూడదు.

కలకూ స్వప్నానికీ అర్థంలో తేడా లేకపోయినా, చర్చిల్లో ఎక్కువగా చదివే పాత తెలుగు బైబిలు అనువాదంలో ఒక ఒరవడి కనిపిస్తుంది. యాకోబు నిచ్చెన, యోసేపు పనలు, ఫరో ఆవులు, నెబుకద్నెజరు ప్రతిమ, ఇలా బొమ్మగా కనబడి భావం విప్పవలసినవి ‘కల’లు. దేవుడో ఆయన దూతో వచ్చి తేటగా మాటలు చెప్పిన చోట మాత్రం ‘స్వప్నమందు’ అని ఉంటుంది. అబీమెలెకు, లాబాను, గిబియోనులో సొలొమోను, మరియ భర్త యోసేపు ఈ వరుసలోని వాళ్లే. పాత నిబంధనలోని ఈ చోట్లన్నిటా హీబ్రూలో ఉన్నది ‘హలోమ్’ అన్న మాటో, దాని ధాతువో కాబట్టి ఈ తేడా మూలంలోది కాదు, తెలుగు చేసినవారి చెవిలోది. గంభీరమైన చోట సంస్కృత పదం వారికి సహజంగా తోచి ఉండాలి. అయితే దీన్ని సూత్రంగా పట్టుకోకండి. సంఖ్యాకాండము 12:6లో దేవుడే ‘కలలో అతనితో మాటలాడుదును’ అంటాడు. కొత్త నిబంధనలో ‘ఒనార్’ అనే గ్రీకు మాట ఒక్క మత్తయి సువార్తలోనే, 6 సార్లు వస్తుంది. మరియ భర్త యోసేపు దగ్గర స్వప్నమైన ఆ మాటే పిలాతు భార్య దగ్గర (27:19) కల అయింది. కాబట్టి సాక్ష్యం రాసినవారు ‘కల’ అంటే దాన్ని ‘స్వప్నం’ చేసి బరువు పెంచకండి. కల చిన్న మాటేమీ కాదు.

‘కలలో దర్శనమిచ్చాడు’ అన్నదానికి వ్యాకరణం అడ్డు చెప్పదు. మామూలు తెలుగులో దేవుడు కనబడటమే దర్శనం, అది కలలోనైనా కావచ్చు. అయితే పైన చెప్పిన సంఖ్యాకాండము వచనం ‘దర్శనమిచ్చి’, ‘కలలో’ అని రెంటినీ విడివిడిగా చెప్పింది. యోవేలు 2:28 కూడా ముసలివారికి కలలు, యౌవనులకు దర్శనాలు అని విడదీసింది. ఈ వచనాలు నోటికి వచ్చిన పాఠకుడు ‘కలలో దర్శనం’ దగ్గర తడబడతాడు. సాక్ష్యం చెప్పినవారు అప్పుడు నిద్రలో ఉన్నారా, మెలకువగా ఉన్నారా? నేనైతే ‘కలలో కనబడ్డాడు’ అని దిద్దుతాను.

‘స్వప్నంలో ప్రత్యక్షమయ్యాడు’ అన్నది సాక్షాత్తూ బైబిలు పలుకుబడి. కంటికి ఎదురుగా ఉన్నదే ప్రత్యక్షం కదా, కలలో ఎలా కుదురుతుందని పండితులు అడగవచ్చు. తెలుగులో ‘ప్రత్యక్షమగు’ అంటే కనబడని వాడు తనంతట తాను కనబడటం అని ఏనాడో స్థిరపడింది. దాన్ని వదిలేయండి. ఒక్కటి మాత్రం సరిచూడండి, రూపం కనబడిందా, మాట మాత్రమే వినబడిందా అని. మత్తయి 2:12లో జ్ఞానులకు ఎవరూ ప్రత్యక్షం కాలేదు, వాళ్లు ‘స్వప్నమందు దేవునిచేత బోధింపబడినవారై’ వేరే దారిన వెళ్లారు. మాట మాత్రమే విన్నవారి సాక్ష్యంలో ప్రత్యక్షం ఇమడదు.

ఇక ‘కల చూశాను’. కను అంటేనే చూడటం. ఆ క్రియ కలతో జతపడి ‘కలగను’ అయ్యాక ఇంకో ‘చూచు’ అక్కర్లేదు. అలాగని ‘కల కన్నాను’ అని దిద్దితే ఇవాళ ఒక చిక్కుంది. ‘కొడుకు డాక్టరవుతాడని కలగన్నాను’ అంటే ఆశపడ్డాననే అర్థం. సాక్ష్యంలో ఈ అయోమయం రాకూడదు. ‘కల వచ్చింది’ అన్నది నిక్కచ్చిగా నిద్రలోని కలే. తెలంగాణవారు ‘కల వడ్డది’ అని రాస్తే అదీ అంతే స్పష్టం, ముట్టుకోకండి.

‘ఫలం’ మాత్రం తప్పకుండా మార్చాలి. స్వప్నఫలం పంచాంగాల మాట. పాము కనబడితే ఇది, ఏనుగు కనబడితే అది అని వస్తువును బట్టి ముందే రాసిపెట్టిన పట్టిక అది. బైబిలు మాట ‘భావము’. ‘భావములు చెప్పుట దేవుని అధీనమే గదా?’ అని పనల కల వచ్చిన యోసేపు చెరసాలలో అన్నాడు (ఆదికాండము 40:8). దేవుడు తెలియజేస్తేనే తెలిసేది భావం. పట్టికలో వెతికితే దొరికేది ఫలం. ఈ రెండు మాటల వెనక రెండు వేరు నమ్మకాలున్నాయి, అందుకే ఇక్కడ పట్టుబడుతున్నాను.

మీరు అడగకపోయినా ఒక మాట. ‘మన సంఘానికి దేవుడిచ్చిన దర్శనం: ఏటా పది గ్రామాలు’ అన్న ధోరణి ఇప్పుడు పెరిగింది. ఇందులో దర్శనం అంటే లక్ష్యం. దీనికి ఆధారంగా సామెతలు 29:18ని చూపిస్తారు గాని, అక్కడ మన పాత అనువాదం ‘దేవోక్తి లేనియెడల’ అంది. హీబ్రూలో దర్శనానికి వాడే ‘హజోన్’ అక్కడ ఉన్నా, ఉద్దేశించింది దేవుని మాటనే అని గ్రహించి చేసిన అనువాదమది. ఎంతో మెచ్చుకోదగ్గది. సాక్ష్యాల పేజీలో లక్ష్యాన్ని లక్ష్యమనే రాయండి.

దిద్దేటప్పుడు మీకు అన్నిటికంటే పనికొచ్చేది ‘-నట్టు’. కలను చెప్పడానికి తెలుగు దాచి ఉంచిన ప్రత్యయమది. పౌలు దర్శనాన్ని కూడా ‘వేడుకొనుచున్నట్టు’ అనే చెప్పారు. ‘దేవుడు కలలో ఉద్యోగం మానేయమన్నాడు’ అని వస్తే, ఆ మాట చెవిన పడిందా, లేచాక అలా అనిపించిందా అని రాసినవారిని అడగండి. చెవిన పడితే ఆ మాటను ఉన్నదున్నట్టు కొటేషన్లలో పెట్టండి. అనిపించిందే అయితే రెండు వాక్యాలు చేయండి: ‘తెల్లబట్టల్లో ఒకాయన నా చేతిలో తాళాలు తీసుకున్నట్టు కల వచ్చింది. ఉద్యోగం మానేయమని దేవుడు చెబుతున్నాడని నాకు అర్థమైంది.’ యిర్మీయా 23:28 కలకన్న ప్రవక్త ఆ కలనే చెప్పాలని, దేవుని వాక్కు ఉన్నవాడు ఆ వాక్కును సత్యంగా చెప్పాలని వేరుచేసింది. మీ పత్రికలో ఆ రెండింటి మధ్య ఒక పూర్ణవిరామం చాలు.