ఐదో నెలలో కొలెస్ట్రాల్ పెరిగిందని నూనె మానేయాలా?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఐదో నెల రక్తపరీక్షలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు) రెండూ గీత దాటాయని నూనె, వెన్న, గుడ్డులో పచ్చసొన అన్నీ మానేశారు, అది సరైనదేనా? బిడ్డకు తెలివితేటలొస్తాయని అందరూ చెబుతున్న ఒమేగా-3 క్యాప్సూల్ వేసుకోవాలా? చేపలు తినరు కాబట్టి అవిసె గింజలతో సరిపెట్టుకోవచ్చా? నేను డాక్టర్ని కాదండీ. ఇద్దరు పిల్లల తల్లిని. తొలిచూలప్పుడు అచ్చం మీరు చేసిందే చేసి, చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కినదాన్ని. అందుకే జవాబు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు రిపోర్టు సంగతి. అందులో పక్కన అచ్చేసి ఉండే 'నార్మల్' అంకెలు గర్భం లేనివాళ్లవి. కడుపుతో ఉన్నప్పుడు మొత్తం కొలెస్ట్రాల్ పాతిక నుంచి యాభై శాతం దాకా, ట్రైగ్లిజరైడ్లు రెండు మూడు రెట్లు పెరగడం మామూలే. మొదటి ఆరు నెలలూ ఒళ్లు కొవ్వు దాచిపెట్టుకుంటుంది. ఆఖరి మూడు నెలల్లో ఆ దాచిందాన్ని కరిగించి రక్తంలోకి వదులుతుంది. తల్లి దాంతో గడుపుకుని గ్లూకోజ్ బిడ్డకు మిగులుస్తుందన్నమాట. పైగా గర్భం నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ని మావి తయారుచేసేది తల్లి రక్తంలోని కొలెస్ట్రాల్‌తోనే. అంటే మీ రిపోర్టులో ఎర్రగా కనబడ్డ ఆ అంకె రోగం కాకపోవచ్చు, పని జరుగుతోందనడానికి గుర్తు కావచ్చు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినా, షుగర్ ఉన్నా, పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉన్నా లెక్క వేరు. అప్పుడు తిండి ఎలా ఉండాలో డాక్టరే చెప్పాలి. మీ ట్రైగ్లిజరైడ్లు 240 అన్నారు కదా, ఆ కాగితం తదుపరి చెకప్‌లో చూపించి అడగండి. ఈలోగా కంగారుపడి కంచం ఖాళీ చేసుకోకండి.

నేను ఖాళీ చేసుకున్నాను. రిపోర్టు చూసిన రోజు సాయంత్రానికే వంటింట్లోంచి నూనె సీసా వెళ్లిపోయింది. ఉడకబెట్టిన కూరలు, మీగడ తీసిన పాలు, తెల్లసొన. ఎవరైనా చూసి 'ఎంత క్రమశిక్షణ!' అంటే పొంగిపోయేదాన్ని. కాన్పయ్యాక ఇంకా ముదిరింది. పెరిగిన ఒళ్లు దింపాలని పాలిస్తూనే అదే తిండి, అందులోనూ సగం. మూడు నెలల్లో పాత బట్టలు పట్టాయి. ఐదో నెల నడుస్తుండగా ఓ రాత్రి పాపకు పాలు పడుతుంటే కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి. అక్కణ్ణుంచి వీపు మీదుగా రెక్క దాకా పాకింది. గ్యాస్ అనుకుని వేణ్ణీళ్లు తాగాను. తెల్లారేసరికి వాంతులు. స్కానింగ్‌లో తేలిందేమిటంటే, పిత్తాశయం నిండా రాళ్లు.

ఆపరేషన్ చేసిన సర్జన్ నా తిండి సంగతి ఆరా తీసి, నాతోనే బొమ్మ గీయించినంత పని చేశారు. పిత్తాశయం చిన్న సంచి. తిన్న కొవ్వు పేగులోకి దిగితేనే అది ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి పిండుతుంది. కొవ్వే రాకపోతే రసం అక్కడే నిలవుండి చిక్కబడుతుంది. ఒళ్లు గబగబా తగ్గుతుంటే కరిగిన కొవ్వులోని కొలెస్ట్రాల్ వచ్చి ఆ రసంలోనే చేరుతుంది. దానికి తోడు గర్భం హార్మోన్ల వల్ల సంచి ముందే మందకొడిగా ఉంటుంది. నా తిండి వల్లే రాళ్లొచ్చాయని ఆయన అనలేదు. గర్భం ఒక్కటి చాలు రావడానికి. కానీ నేను వాటికి పీట వేసి కూర్చోబెట్టానన్నది మాత్రం నిజం.

ఇక బిడ్డ మెదడు. మెదడులోంచి నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో సగం పైనే కొవ్వు. పొట్ట చుట్టూ పేరుకునే రకం కాదది. కణాల గోడల్లో, నరాల మీద తొడుగుల్లో ఇమిడిపోయిన కొవ్వు. పుట్టినప్పుడు 350, 400 గ్రాములుండే మెదడు ఏడాది తిరిగేసరికి దాదాపు రెండింతలవుతుంది. అందులో పేరున్న సరుకు డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం. మెదడు కణాల గోడల్లోనూ, కంటి రెటీనాలోనూ ఎక్కువగా ఉంటుంది. ఇది బిడ్డకు జోరుగా చేరడం మొదలయ్యేది ఏడో నెల నుంచి, అక్కణ్ణుంచి రెండేళ్ల వయసు దాకా. నెల తక్కువ పిల్లల విషయంలో డాక్టర్లు డీహెచ్‌ఏ గురించి అంత ఆలోచించేది అందుకే. సరుకు దిగుమతయ్యే వేళకే వాళ్లు బయటికొచ్చేశారు.

కొలెస్ట్రాల్ సంగతి మాత్రం తిరకాసు. ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్లో అయిదో వంతు మెదడులోనే ఉంటుంది, కానీ దాన్ని మెదడు తనకు తానే తయారుచేసుకుంటుంది. రక్తంలోది లోపలికి పోదు. కాబట్టి వెన్న ముద్దలు మింగితే బిడ్డ మెదడు పెరుగుతుందనేది కూడా కట్టుకథే. రెండోసారి మా ఇంట్లోవాళ్లు, మొదటిసారి జరిగింది చూసి, ఆ చివరి నుంచి ఈ చివరికొచ్చారు. చెంచాల కొద్దీ వెన్న. నేను దండం పెట్టి ఆపించాను.

మానకూడనివీ ఉన్నాయి. లినోలిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, ఈ రెండు కొవ్వులూ మనిషి ఒంట్లో తయారు కావు, తిండిలోంచే రావాలి. 1929లో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని మేత పెట్టి చూశారు. చర్మం పొలుసులు లేచింది, తోకలు పాడయ్యాయి, ఎదుగుదల ఆగింది. తగిన కొవ్వు కాస్త కలపగానే తేరుకున్నాయి. అప్పటిదాకా కొవ్వంటే ఉత్త ఇంధనమనే అనుకునేవాళ్లు. ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కంచంలో కొంత కొవ్వుండాలి. ఇక మీరు పారేస్తున్న పచ్చసొన! ఒక్కోదాంట్లో దాదాపు 150 మిల్లీగ్రాముల కోలిన్ అనే పోషకం ఉంటుంది. అదీ మెదడు కట్టుబడికి వాడే సరుకే. గర్భిణికి రోజుకు 450 మిల్లీగ్రాములు కావాలంటారు. గుడ్డు తింటారు కాబట్టి రేపట్నుంచి బాగా ఉడికించి మొత్తం తినండి.

తగ్గించాల్సింది ట్రాన్స్ ఫ్యాట్. ప్యాకెట్ మీద 'పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనె' అని కనబడితే తిరిగి అరలో పెట్టేయండి. అది మావి దాటి బిడ్డకూ చేరుతుంది, పాలల్లోకీ వస్తుంది, మేలు మాత్రం ఒక్కటీ లేదు.

క్యాప్సూల్ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. డబ్బా మీద చురుకైన పసిపాప బొమ్మ వేస్తారు గానీ, పరీక్షించి చూసినప్పుడు తెలివి దగ్గర ఫలితం కనబడలేదు. ఆస్ట్రేలియాలో దాదాపు 2,400 మంది గర్భిణుల్లో సగం మందికి రోజూ 800 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ ఇచ్చి, 2010లో ఫలితం ప్రకటించారు. ఏడాదిన్నర వయసులో పిల్లల మాటల్లో, గ్రహింపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడేళ్లప్పుడు చూసినా ఐక్యూ పెరగలేదు. తల్లుల్లో కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కూడా తగ్గలేదు. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి. బాలింతగా ఉన్నప్పుడు మనసు రోజుల తరబడి కుంగిపోయి ఉంటే 'ఒమేగా వేసుకుంటున్నాను కదా' అని ఊరుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మరి క్యాప్సూల్ దండగా? కాదు. దాని మేలు వేరేచోట ఉంది. వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ అనే సంస్థ 2018 సమీక్ష 70 పరీక్షలను, అంటే సుమారు 20 వేలమంది గర్భిణులను కలిపి చూసింది. ఒమేగా-3 తీసుకున్నవాళ్లలో 37 వారాల లోపు కాన్పులు 13.4 నుంచి 11.9 శాతానికి, 34 వారాల లోపువి 4.6 నుంచి 2.7 శాతానికి తగ్గాయి. ఆ తర్వాతి ఏడాది వచ్చిన ఓ పెద్ద పరీక్షలో మాత్రం అందరినీ కలిపి చూస్తే అంత మేలు కనబడలేదు. మొదట్లో ఒంట్లో ఒమేగా-3 తక్కువున్నవాళ్లకే ఉపయోగమని తేలింది. చేపలు తినని మీరూ నేనూ ఆ తక్కువున్నవాళ్లలోకే రావచ్చు. నేను రెండోసారి వేసుకున్నది నెలలు నిండాలని, బిడ్డ సరస్వతీపుత్రుడు కావాలని కాదు. (నిండాయి. అది క్యాప్సూల్ మహిమా, నా అదృష్టమా అని అడక్కండి.)

అవిసె గింజలతో సరిపోతుందా అంటే, పూర్తిగా కాదు. అవిసెలు, వాల్‌నట్లు, సోయా నూనె ఇచ్చేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమనే ఒమేగా-3. ఒంట్లో అది డీహెచ్‌ఏగా మారాలి. ఆడవాళ్లలో మగవాళ్లకంటే కాస్త మెరుగ్గా మారుతుంది గానీ అదీ కొద్దిపాటే. ఇంకో చిక్కు ఏమిటంటే, పొద్దుతిరుగుడు నూనెలాంటి వాటిల్లో దండిగా ఉండే లినోలిక్ ఆమ్లానికీ దీనికీ పని చేసిపెట్టే ఎంజైము ఒకటే. అదే పనిగా ఒక్క నూనే వాడితే దాని వంతు ముందుకొచ్చి రెండోది వెనకపడుతుంది. అందుకే నూనెలు మార్చి మార్చి వాడతాను. అవిసెలు గింజలుగా మింగితే అలాగే బయటికి పోతాయి, పొడి కొట్టుకుని కొద్దిగా చాలు.

డీహెచ్‌ఏ చేపల సొంతం కాదని నాకు తెలిసింది రెండోసారే. సముద్రంలో సూక్ష్మమైన నాచు దాన్ని తయారుచేస్తే, తిండి గొలుసు మీదుగా చేపల్లోకి చేరుతుంది. కాబట్టి నాచు నుంచి నేరుగా తీసిన క్యాప్సూళ్లున్నాయి, మనలాంటివాళ్లకు దారి అదే. కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి. ముందు 'ఫిష్ ఆయిల్ 1000 మి.గ్రా.' అని పెద్దక్షరాలు, వెనక చీమతలకాయలంత అక్షరాల్లో 'ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120' అని ఉంటుంది. ఈపీఏ ఇంకో రకం ఒమేగా-3, మనకు కావలసింది ఆ 120. గర్భిణులకు, పాలిచ్చేవాళ్లకు రోజుకు కనీసం 200 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ అంటారు. నేనూ మొదట ముందువైపు చూసే మోసపోయాను. ఇంకోటి, కాడ్ లివర్ ఆయిల్ అనేది ఫిష్ ఆయిల్ కాదు. అది చేప కాలేయం నూనె, విటమిన్ ఏ ఎక్కువ ఉంటుంది, గర్భంలో అది మితిమీరితే బిడ్డకు అవకరాలొచ్చే ప్రమాదం. అది వద్దు. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ఏ ఒమేగా అయినా అడక్కుండా వేసుకోకండి. చదివేవాళ్లలో చేపలు తినేవాళ్లుంటే, పాదరసం తక్కువుండే రకాలు వారానికి 225 నుంచి 340 గ్రాములు తింటే క్యాప్సూల్ బెడదే లేదు. షార్క్, స్వోర్డ్‌ఫిష్, కింగ్ మాకెరెల్ మాత్రం పక్కన పెట్టాలి.

పాల సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ నాలుగు నెలల్లో అవసరమవుతుంది. ఆపరేషన్ ముందు పాపకోసం పాలు పిండి సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే ఒక్కో సీసాలో పైన మీగడ కట్టు, కింద నీలంగా పలుచటి నీళ్లు. మొదట పిండిన సీసాలో ఆ కట్టు దారమంత, చివర్లో పిండినదాంట్లో వేలెడు. 'నువ్వు పథ్యం చేసి పాలు పలచబరిచావు' అని ఇంట్లో ఒకరు దెప్పారు. అది తప్పు. పాలల్లో కొవ్వు ఎంత అనేది తల్లి తిండిని బట్టి పెద్దగా మారదు, ఒకే విడతలో మొదట పలచగానూ చివర చిక్కగానూ రావడం సహజం. మారేది కొవ్వు ఏ రకమన్నది. తల్లి తిన్న నూనెలే పాలల్లో కనబడతాయి, డీహెచ్‌ఏ కూడా అంతే. బిడ్డకు అందే శక్తిలో దాదాపు సగం ఆ కొవ్వు నుంచే. రెండేళ్ల లోపు పిల్లలకు మీగడ తీసిన పాలు పట్టొద్దనేది కూడా అందుకే. మావారు పాపకు ఏడాది నిండాక 'హెల్దీ' అని స్కిమ్‌డ్ మిల్క్ తెచ్చి పిల్లల డాక్టరమ్మతో చీవాట్లు తిన్నారు, ఆ పాలు నేనే తాగాను.

క్యాప్సూల్ వేసుకుంటే వెనక్కి తేన్పులొస్తున్నాయని మీ ప్రశ్న కింద ఇంకొకరు రాశారు. నాకూ వచ్చాయి, పరగడుపున వేసుకున్నన్నాళ్లూ. రాత్రి భోజనం మధ్యలో వేసుకోవడం మొదలుపెట్టాక ఆగిపోయాయి. మూత తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి. అనుమానమొస్తే ఒకటి పిండి వాసన చూడండి, ముక్కు మూసుకునేంత కుళ్లు కంపు కొడితే ఆ డబ్బా పారేయండి.