పైకప్పు లేని పాత కారును బాగుచేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత ఎంజీబీ రోడ్‌స్టర్, అదే గట్టి పైకప్పు లేని రెండు సీట్ల బ్రిటిష్ కారు, కొన్నావని, రాబోయే సెలవుల్లో దాన్ని మొత్తం విప్పి మొదటినుంచి బిగిస్తావని నీ ఉత్తరంలో చదివాను. కారు కొన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మొత్తం విప్పుతానన్న మాట మాత్రం నచ్చలేదు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా పాన చేతిలోకి తీసుకోకు.

నేను చూసినంతవరకు ఇళ్లలో మొదలైన ఇలాంటి పనులు మధ్యలో ఆగిపోవడానికి చేతకానితనం కారణం కాదు. తొలి ఉత్సాహంలో అన్నీ విప్పేస్తారు. విప్పడం తేలిక, వేగంగా సాగుతుంది. ఆ తర్వాత ఏ నట్టు ఎక్కడిదో తెలియక, కదలని కారు చుట్టూ డబ్బాలు పేరుకుపోయి, చివరికి ఆ కుప్పనంతా ఎవరికో అమ్మేస్తారు. నువ్వు ఒకసారికి ఒక్క భాగమే విప్పు. బాగుచెయ్యి, బిగించు, తర్వాతిదానికి వెళ్లు. కారు వీలైనంత కాలం నాలుగు చక్రాల మీద నిలబడి, తోస్తే కదిలేలా ఉండాలి. విప్పేముందు ప్రతిదాన్నీ నాలుగు వైపుల నుంచి ఫొటో తీసుకో. నట్లు, బోల్టులు సంచుల్లో వేసి, ఎక్కడివో రాసిపెట్టు. కొత్త భాగం వచ్చి సరిగ్గా కూర్చునేదాకా పాతదాన్ని పారేయకు. కొలత తేడా వచ్చినప్పుడు నీకు దారి చూపేది అదే.

ఇక అసలు విషయం. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా తయారైంది. దానికి విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే చట్రం, లేదు. శరీరమే ఛాసిస్. అదే కాలపు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు అడుగున విడి ఛాసిస్ ఉంటుంది కాబట్టి ఆ కారు లెక్క వేరు. మామూలు కారులో పైకప్పు కూడా బరువు పంచుకుంటుంది. నీ కారుకు ఆ ఆసరా లేదు. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు మధ్య కారు వంగకుండా పట్టుకునేవి అడుగు రేకు, గేర్‌బాక్సు మీదుగా వెళ్లే సొరంగం, అన్నిటికన్నా ముఖ్యంగా తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్. ఒక్కో సిల్ బయటి రేకు, మధ్యలో నిలువు రేకు, లోపలి రేకు కలిసిన పెట్టె. నీళ్లు, మట్టి లోపల చేరి అది లోపలి నుంచే తుప్పు పట్టిపోతుంది. బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

కారు ఆరోగ్యం తెలుసుకోవాలంటే తలుపు చుట్టూ ఉన్న సందు చూడు. వైద్యుడికి నాడి ఎలాగో నీకు ఆ సందు అలాగ. తలుపు వెనుక అంచు దగ్గర సందు పైనా కిందా సమానంగా ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పయితే కారు నడుము కుంగిందని అర్థం. ఆ తర్వాత ముందు భాగం కింద జాకీ పెట్టి కొద్దిగా లేపి మళ్లీ చూడు. సందు మారినా, తలుపు పట్టేసినా సిల్స్‌లో బలం లేదు. గుడ్డ చుట్టిన అయస్కాంతంతో సిల్ పొడవునా తడుము. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. అడుగున స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడటానికి మొహమాటపడకు. పాత సిల్ మీదే కొత్త బయటి రేకు అతికించి అమ్మిన కార్లు చాలా ఉన్నాయి. చూడటానికి కొత్తగా ఉంటాయి, లోపల బలం ఉండదు. నీదీ అలాంటిదైతే ఆ రేకు తీసేయాల్సిందే. తుప్పు మీద వేసిన అతుకు తడిని లోపల బంధించి తుప్పును ఇంకా త్వరగా పెంచుతుంది.

సిల్ కోసేముందు రెండు తలుపుల సందులూ, తలుపు చట్రానికి మూల నుంచి మూలకు కొలతలూ రాసిపెట్టు. కారును చదునైన నేల మీద, బరువు సస్పెన్షన్ దగ్గర పడేలా, అన్ని వైపులా సమమట్టంగా నిలబెట్టు. తలుపు కీళ్లున్న స్తంభానికీ గొళ్లెం పడే స్తంభానికీ మధ్య చదరపు ఇనుప గొట్టం వెల్డు చేయి. పైన ఒకటి, కింద ఒకటి, ఏటవాలుగా ఒకటి, ఇటు వైపు నుంచి అటు వైపుకు అడ్డంగా ఒకటి. ఈ గొట్టాలు లోపలి వైపుకు ఉండాలి, ఎందుకంటే అవి ఉండగానే తలుపు బిగించి మూసి చూడాలి. కుంగిన కారుకు ఉన్నదున్నట్టుగా గొట్టాలు వేస్తే ఆ కుంగుబాటే శాశ్వతమవుతుంది. ముందు సందు సరిచేసి, ఆ తర్వాతే గొట్టాలు వెయ్యి.

ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోకు. ఎంజీబీలో ముందు చక్రం మీది రెక్క సిల్ చివరను కప్పేస్తుంది. అది బోల్టులతోనే బిగించి ఉంటుంది కాబట్టి విప్పి పక్కన పెట్టు. వెనుక రెక్క వెల్డు చేసినది, దాని కింది భాగాన్ని కోయాల్సి వస్తుంది. ఈ కష్టం తప్పించుకోవడానికే చాలామంది సిల్‌ను మధ్యలో కోసి ముక్క అతుకుతారు. నువ్వు అలా చేయకు. కొత్త రేకును క్లాంపులతో పట్టించి, తలుపు బిగించి, సందు చూడు. చుక్కలుగా కొన్ని వెల్డులు వేసి మళ్లీ తలుపు మూసి చూడు. అప్పటికీ సరిగ్గా ఉంటేనే పూర్తి వెల్డింగ్. ఇది విసుగు పుట్టించే పని, కానీ ఈ కారు మొత్తంలో నీ ఓపికకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

వెల్డింగ్ కొత్త కాబట్టి ముందు పాత రేకు ముక్కల మీద సాధన చెయ్యి. మిగ్ యంత్రానికి, అంటే తీగను తనంతట తానే అందించే వెల్డింగ్ యంత్రానికి, 0.6 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. పలుచని రేకు మీద ఒకే చోట గీత లాగితే వేడికి వంకర పోతుంది. ఇక్కడొకటి, దూరంగా ఇంకొకటి వేస్తూ, మధ్యలో చల్లారనివ్వు. లోహం తళతళలాడేదాకా గీకకుండా వెల్డు పట్టదు. అంతా అయ్యి, రంగు కూడా వేశాక, పెట్టెల లోపలికి పొడవాటి గొట్టంతో మైనం చల్లు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకో.

ప్రాణం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి వెళ్లకు, ఒక్క నిమిషానికైనా సరే. కింద స్టాండ్లు ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి. వెల్డింగ్ మొదలుపెట్టేముందు పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టు. నిండిన ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం, ఎందుకంటే పేలేది ఆవిరి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదుగా పాకి దూరంలోని నిప్పురవ్వను అందుకోగలదు. బ్రేకు భాగాలు తుడిచే ద్రవాల్లో కొన్నింటిలో క్లోరిన్ ఉంటుంది. అది తడిగా ఉన్న లోహం మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకు. తడిపి గుడ్డతో తుడువు.

ఇంజన్ గురించి నువ్వు ఎక్కువ రాశావు కానీ నాకు దాని గురించి దిగులు తక్కువ. ఆ 1798 సీసీ ఇంజన్ గట్టిది, భాగాలన్నీ దొరుకుతాయి. అయితే ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజన్‌ను తాళంతో తిప్పకు. స్పార్క్ ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లో కొద్దిగా నూనె పోసి నానబెట్టు. తర్వాత క్రాంక్ చివరి బోల్టుకు పాన పెట్టి చేత్తో తిప్పు. సులువుగా తిరిగితే ఆయిలు మార్చి, పాత పెట్రోలు పూర్తిగా తీసేసి, అప్పుడు స్టార్టర్. కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి, కొలిచినప్పుడు అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి బాగా తక్కువగా ఉంటే అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలువు. అంకె పెరిగితే లోపం ఎక్కువగా పిస్టన్ రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో. ఎప్పుడైనా వాల్వులుండే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పాల్సి వస్తే, సీసం లేని పెట్రోలుకు తట్టుకునే గట్టి వాల్వు సీట్లు అప్పుడే వేయించు.

బ్యాటరీ కలిపేముందు ఒక్కటి చూసుకో. 1967 చివరిలో కారు మోడల్ మారేదాకా ఎంజీబీలలో ఎర్తు, అంటే కారు శరీరానికి కలిపే బ్యాటరీ కొస, పాజిటివ్ వైపు ఉండేది, ఆ తర్వాత నెగటివ్. తర్వాతి యజమానులు మార్చి ఉండవచ్చు కూడా, కాబట్టి సంవత్సరాన్ని నమ్మి కలపకు, వైర్లు చూసి కలుపు. దీపాలు మసకగా వెలిగినా, ఒకటి వేస్తే ఇంకొకటి ఆరినా ముందు ఎర్తు కలిసే చోట్లు శుభ్రం చెయ్యి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

బ్రేకుల్లో పొదుపు వద్దు. రబ్బరు హోసులు, సిలిండర్లు, తుప్పు పట్టిన పైపులు అన్నీ కొత్తవి వెయ్యి. మామూలు బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది, అందుకే పాతది మిగలకుండా తీసేయాలి. అది రంగు మీద పడితే రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడుగు.

రంగు నువ్వే వేయాలనుకుంటే ప్రైమర్ వరకు ఆగు. రెండు ద్రవాలు కలిపి చల్లే నేటి రంగుల్లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, మామూలు మాస్కు ఆపలేదు. బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉన్నవాళ్లకు ఆ పని ఇచ్చెయ్.

టాపు, అంటే మడిచే బట్ట పైకప్పు, చివరి పని. నీకు అన్నిటికన్నా ఇష్టమైనది అదేనని తెలుసు, అయినా చివరిదే. టాపు చట్రం ముందు అద్దం అంచును అందుకోవాలి, తలుపు అద్దాలు దాని రబ్బరుకు ఆనాలి. తలుపులు సరిగ్గా కూర్చోకముందే వేసిన టాపు ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది. వేసే రోజు వెచ్చగా ఉండాలి, చలిలో వినైల్ బిగుసుకుపోతుంది. మొదట వెనుక వైపు పట్టించి, తర్వాత ముందుకు లాగి బిగించు. కొత్త టాపును కొన్ని రోజులు మూసే ఉంచు, బట్ట తన రూపానికి సర్దుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు ఎన్నడూ మడవకు, బూజు పడుతుంది. చలిలో వెనుక ప్లాస్టిక్ కిటికీ మడిస్తే చిట్లుతుంది.

మొదటిసారి బయటికి తీసేటప్పుడు వాహనాలు లేని చోట, నెమ్మదిగా, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఉంచి నడుపు. తిరిగొచ్చాక చల్లారనిచ్చి చక్రాల నట్లు టార్క్ పానతో, అంటే బిగింపు బలాన్ని కొలిచే పానతో, మళ్లీ బిగించు, బ్రేకు ద్రవం మట్టం చూడు, కింద శుభ్రమైన అట్ట పరిచి రాత్రంతా ఉంచు. పొద్దున అట్ట మీద ఎక్కడ ఏ రంగు మరక పడిందో ఫొటో తీసి నాకు పంపు. ఆయిలా, నీళ్లా, బ్రేకు ద్రవమా అన్నది చూసి తర్వాత ఏం చేయాలో రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న