బీటెక్ చదివి డ్రాయింగులు పంచడమా?

వనస్థలిపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె కుమారుడు ఈ ఏడాది సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. కోకాపేటలో బహుళ అంతస్తుల భవనం కడుతున్న ఒక కాంట్రాక్టు సంస్థ అతనికి డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం ఇస్తామంది. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ కన్సల్టెంటు పంపే డిజిటల్ ప్లాన్లను సైటులోని బృందాలకు ఆన్‌లైన్‌లో చేరవేయడమే ఆ పని. అమీర్‌పేటలో మూడు నెలల బిమ్ (భవనాన్ని వివరాలతో సహా కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా తయారుచేసే పద్ధతి) కోర్సు చేస్తే విదేశీ ప్రాజెక్టుల ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోవచ్చని అతని స్నేహితులు అంటున్నారు. "రెండింటిలో ఏది మేలు? ఇంత చదివించి, వాణ్ని కాగితాలు పంచే గుమాస్తాను చేయమంటారా?" అని ఆమె అడిగారు.

అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. సివిల్ చదివిన పిల్లల తల్లిదండ్రులు ఏదో ఒక రూపంలో ఇదే అడుగుతారు, అడిగినప్పుడల్లా కోర్సు పేరు మారుతుందే తప్ప లోపలి దిగులు మారదు. పక్కింటి అబ్బాయి గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే, మన అబ్బాయి హెల్మెట్ పెట్టుకుని దుమ్ములో తిరుగుతాడేమోనన్నదే ఆ దిగులు. దానికి జవాబు చెప్పకుండా రెండు దారులను పోల్చి చూపినా మీకు నిద్ర పట్టదు.

ముందుగా, మీరు గుమాస్తా పని అన్నది ఏమిటో చూద్దాం. 2020లో తెలంగాణలో భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ టీఎస్-బీపాస్ వచ్చాక అనుమతుల కోసం ప్లాన్లు ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం అందరికీ తెలిసిన విషయమే. అయితే మునిసిపాలిటీ ఆమోదించిన ప్లాను వేరు, చేతిలో పట్టుకుని కట్టడానికి పనికొచ్చే జీఎఫ్‌సీ (గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్) డ్రాయింగు వేరు. రెండోది ఒక్కసారి వచ్చి ఆగిపోదు. ఆర్కిటెక్టు టాయిలెట్‌ను ఒక అడుగు జరిపితే ప్లంబింగ్ డ్రాయింగు, పైపులు వెళ్లడానికి స్లాబులో వదలాల్సిన స్లీవులు, కొన్నిసార్లు ఇనుము షెడ్యూలు కూడా మారతాయి, ప్రతి మార్పుతో రివిజన్ నంబరు పెరుగుతుంది. ఆ సంగతి సెంట్రింగ్ మేస్త్రీకి కాంక్రీటు పోయకముందే తెలియాలి.

నా దగ్గర సలహా తీసుకున్న ఒక విద్యార్థి పనిచేసిన సైటులో ఇది సమయానికి జరగలేదు. మూడో రివిజన్ ఇ-మెయిల్‌లో వచ్చి ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండిపోయింది, మేస్త్రీ ఫోనులో వాట్సాప్ ఫొటోగా ఉన్నది రెండోది. స్లాబు పడ్డాక కోర్ కటింగ్ మిషను తెచ్చి రంధ్రాలు చేస్తే దారిలో ఉన్న ఇనుము కూడా తెగింది, ఆ తరువాత కన్సల్టెంటును పిలిపించి బలం సరిపోతుందో లేదో మళ్లీ లెక్క వేయించవలసి వచ్చింది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి చిన్న అంకెలు మసకబారతాయి. పీడీఎఫ్‌ను కాగితానికి సరిపడేలా కుదించి ప్రింటు తీస్తే స్కేలు పట్టీ పెట్టి కొలిచినదంతా తప్పవుతుంది. ఇలాంటివి ముందే పసిగట్టేవాణ్ని గుమాస్తా అనడం నాకు న్యాయంగా తోచదు.

2018లో వెలువడిన ఐఎస్ఓ 19650 ప్రమాణం ఈ క్రమాన్నే రాతపూర్వకంగా పెట్టింది. ఉమ్మడి డేటా వ్యవస్థలోని ప్రతి ఫైలు తయారీలో ఉన్నదా, ఇతర బృందాల పరిశీలనకు పంచినదా, పనికి విడుదలైనదా, పాతబడి దాచినదా అన్నది స్పష్టంగా ఉండాలంటుంది. మీ అబ్బాయి చేయబోయేది ఈ దశల మధ్య గీతలకు కాపలా కాయడం.

ఇక బిమ్ కోర్సు విషయంలో నా అనుమానాలు దాచుకోను. బ్రిటన్ ప్రభుత్వం 2016లో తన కేంద్ర నిధుల ప్రాజెక్టులకు బిమ్‌ను తప్పనిసరి చేసింది. అలాంటి దేశాల పనులు చేసిపెట్టే ఆఫీసులు మన నగరంలో ఉన్నాయి, వాటిలో మంచి జీవితం నిర్మించుకున్నవారూ ఉన్నారు. నా అభ్యంతరం సాఫ్ట్‌వేర్ మీద కాదు, మూడు నెలల హామీ మీద. దూలంలో రాడ్లు ఎంత ఇరుకుగా ఉంటాయో, ఏసీ డక్టు ఎక్కడ దూలానికి తగులుతుందో కళ్లతో చూడనివాడు రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్‌లో గోడలు లేపడం నేర్చుకుంటాడు కానీ, మోడల్‌లో కనిపించిన ఘర్షణల్లో ఏది నిజంగా ప్రమాదమో చెప్పలేడు. అలాంటివారికి ఏళ్ల తరబడి ఒకే రకం గీతలు గీసే పని దక్కడం నేను చూశాను. ఇంతకీ, కోర్సు అమ్మేవారు చూపించే జీతం ఎవరిదో, ఎన్నేళ్ల అనుభవం తరువాతిదో ఎప్పుడైనా అడిగారా?

ఒక మాట కఠినంగానే చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో "మేము అనుకున్నాం", "మాకు ఇష్టం లేదు" అన్నవి పలుమార్లు ఉన్నాయి, మీ అబ్బాయి ఏమనుకుంటున్నాడో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. నాలుగేళ్లు సివిల్ చదివించి, సైటు అనగానే ముఖం ముడుచుకోవడం అతని చదువును అవమానించడమే. బంధువులకు చెప్పుకోవడానికి పదవి పేరు కావాలంటే వేరే మాట, దానికి నా సలహా అక్కరలేదు.

భయపడకండి. సైటులో ఏడాది, ఏడాదిన్నర గడిపినవాడు బిమ్ వైపు ఎప్పుడైనా వెళ్లగలడు, ప్లానింగు, బిల్లింగు, కోఆర్డినేషన్ విభాగాల తలుపులూ అతనికి తెరిచే ఉంటాయి. సాయంత్రాలు, ఆదివారాలు రెవిట్ నేర్చుకోవడానికి ఈ ఉద్యోగం అడ్డు కాదు.

చేరే ముందు ఆ సంస్థను అతను మూడు సంగతులు అడగాలి. డ్రాయింగులు ఉమ్మడి వ్యవస్థలో ఉంటాయా, లేక వాట్సాప్ గ్రూపులోనేనా? పాత రివిజన్లను సైటు నుంచి వెనక్కి తీసుకునే అధికారం అతనికి ఉంటుందా? రోజులో కొంతసేపైనా స్లాబు మీదకు వెళ్లనిస్తారా? మూడోదానికి కాదంటే ఇంకో సంస్థ చూసుకోమనండి, అవునంటే చేరమనండి. అడగడానికి వెళ్లేటప్పుడు మాత్రం మీరు వెంట వెళ్లకండి.